లూకా 18లో రెండు ‘కరుణించు’లు: ఒకే క్రియా?

బ్రదర్, సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) ప్రార్థన (లూకా 18:13), గుడ్డివాడి కేక (18:38) రెండూ తెలుగులో ‘నన్ను కరుణించుము’ అనే ఉన్నాయి కాబట్టి గ్రీకులోనూ ఒకే క్రియ అయి ఉంటుందా అని అడిగారు. కాదు, రెండూ వేరు.

గుడ్డివాడు అన్నది ‘ఎలెయేసొన్ మె’. మూలక్రియ ఎలెయో, స్ట్రాంగ్ నంబరు (బైబిలు మూలభాషలోని ఒక్కో పదానికి ఇచ్చిన సంఖ్య) 1653. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి జాలిపడటమే కాదు, ఆదుకోవడం కూడా దాని అర్థంలోనే ఉంది. అందుకే యేసు అతణ్ణి దగ్గరికి రప్పించి ‘నేను నీకేమి చేయగోరుచున్నావు’ అని అడిగాడు. ఆరాధనలో పాడే ‘కిరియె ఎలెయిసోన్’ (ప్రభువా, కరుణించు)లోని రెండో మాట కూడా ఈ రూపమే, ఉచ్చారణ మారిందంతే.

సుంకరి మాట ‘హిలాస్థేతి మొయ్’. మూలం హిలాస్కొమై, నంబరు 2433. కొత్త నిబంధనలో ఇది ఇంకొక్కచోటే ఉంది: హెబ్రీ 2:17, పాప పరిహారం గురించి. హెబ్రీ 9:5లోని ‘కరుణాపీఠము’ (హిలాస్టేరియొన్; నిబంధన మందసం మీది మూత, ప్రాయశ్చిత్త రక్తం చల్లే చోటు) దీని చుట్టమే. పైగా అతను నిలబడింది దేవాలయంలో! కాబట్టి ‘నా పాపానికి ప్రాయశ్చిత్తం కలిగించి నన్ను మన్నించు’ అన్న ఛాయ ఇక్కడ బలంగా ఉంది.

తెలుగు మాటతో వెతికితే ఈ రెండూ కలిసిపోతాయి. స్ట్రాంగ్ నంబర్లున్న బైబిల్లో వచనం తెరిచి నంబరు చూడండి. మంచి సమరయుడి కథలో ‘జాలిపడి’ (లూకా 10:33) అన్నచోట ఇంకో క్రియ, 4697.