బైండింగుల టెస్టుల గురించి తమ్ముడికి

తమ్ముడూ,

సీ ప్లస్ ప్లస్ కోడును పైతాన్ నుంచి పిలవడానికి కట్టే పైతాన్ బైండింగుల కోసం నువ్వు వేసిన టెస్టుల ప్రణాళిక చదివాను. సగానికి పైగా టెస్టులు లెక్క సరిగ్గా వస్తోందా లేదా అనే చూస్తున్నాయి. ఆ పని సీ ప్లస్ ప్లస్ వైపు టెస్టులు ఎలాగూ చేస్తున్నాయి కదా, మళ్లీ ఎందుకు? ఒక్కో ఫంక్షనుకు తెలిసిన జవాబు ఒకటి సరిచూస్తే చాలు. మిగతా శ్రమంతా విలువలు ఇటు నుంచి అటు దాటే చోట పెట్టు.

పైతాన్ పూర్ణాంకానికి హద్దు లేదు, అవతల ఉన్నవి 64 బిట్లే. అందుకే హద్దుకు అటూ ఇటూ ఉన్న సంఖ్యలు తప్పక పంపి చూడు. బైండింగులు రాసే లైబ్రరీ పైబైండ్11 అయితే టైప్‌ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. పైతాన్‌తోనే వచ్చే సీటైప్స్ మాడ్యూల్‌కు ఆ పట్టింపు లేదు; 8 బిట్ల గడిలో 300 పెడితే కిక్కురుమనకుండా 44 చేసేస్తుంది.

నంపై లైబ్రరీ అరేల (సంఖ్యల వరుసల) దగ్గర మాత్రం తొందరపడకు. అరేను ఉన్నచోటే మార్చే ఫంక్షను ఒకటి ఉందనుకో, అది 64 బిట్ల దశాంశాలు అడుగుతుంది. నువ్వు 32 బిట్ల అరే ఇచ్చావు. పైబైండ్11 అరే రకం, నువ్వు వద్దని చెప్పకపోతే, గుట్టుగా ఒక నకలు తీసి దాన్ని లోపలికి పంపుతుంది. మార్పంతా నకలుకే జరుగుతుంది, నీ అరే చెక్కుచెదరదు, ఎర్రర్ కూడా రాదు. కాబట్టి ఫంక్షను తిరిగిచ్చినదాన్నే కాదు, నువ్వు ఇచ్చిన అరేను కూడా సరిచూడు. ఒకటి విడిచి ఒకటి తీసుకున్న ముక్కలు, ఖాళీ అరేలు, రాయడానికి వీల్లేని అరేలు కూడా పంపు.

ఎక్సెప్షన్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎర్రర్ వచ్చిందా అని కాక ఏ రకం వచ్చిందో చూడు. సీ ప్లస్ ప్లస్ అవుట్ ఆఫ్ రేంజ్ ఇటువైపు ఇండెక్స్‌ఎర్రర్ కావాలి.

అసలు చిక్కు వస్తువుల ఆయుష్షుది. పెద్ద వస్తువులోంచి ఒక భాగం తీసుకో, పెద్దదాన్ని డెల్ (del) ఆదేశంతో వదిలెయ్, వాడని మెమరీని విడిపించే గార్బేజ్ కలెక్టర్‌ను నడుపు, ఆ తర్వాత భాగాన్ని వాడు. సరైన విలువే వచ్చిందని మురిసిపోవద్దు. విడుదలైన మెమరీలో పాత విలువ అలాగే ఉండిపోవడం మామూలే. ఈ టెస్టులను, విడుదలైన మెమరీని తాకితే పట్టిచ్చే అడ్రస్ శానిటైజర్ కింద నడపాలి. అప్పుడు పైతాన్ సొంత మెమరీ కేటాయింపు పక్కకు తప్పుకోవాలి, పైతాన్‌మాలక్ సెట్టింగు అందుకే ఉంది. ఒక వస్తువును ఎన్ని చోట్ల పట్టుకుని ఉన్నామో చెప్పే రెఫరెన్సుల లెక్క చూడటానికి, ‘ఏమీ లేదు’ అని చెప్పే నన్ (None) విలువను వాడకు. పైతాన్ 3.12 నుంచి అది అమర వస్తువు, దాని లెక్క కదలదు.

క్రాష్ అయ్యే అవకాశం ఉన్నవాటిని వేరే ప్రాసెస్‌లో నడుపు, లేకపోతే ఒక్క టెస్టు, టెస్టులు నడిపే పైటెస్ట్ మొత్తాన్నీ పడగొడుతుంది. నడిపేది కూడా ఇన్‌స్టాల్ చేసిన వీల్ (పైతాన్ ప్యాకేజీ ఫైలు) మీద, ఖాళీ ఫోల్డర్ నుంచి. సోర్సు ఫోల్డర్‌లో ఉండి నడిపితే ఇంపోర్ట్ పక్కనున్న ఫైళ్లనే తీసుకోవచ్చు, వీల్‌లో ఒక ఫైలు తగ్గినా నీకు తెలియదు.

సవరించిన ప్రణాళికలో ముందు అరేల భాగం పంపు, మిగతాది తీరిగ్గా చూద్దాం.

నీ అన్న