కింద పడ్డదల్లా నోట పెట్టే కుక్క

ప్రశ్న: మూడు నెలల కింద మా గల్లీలోని ఆడకుక్కను తెచ్చుకున్నాం. రెండేండ్లుంటాయి. ఇంట్లో బాగానే వింటది. బయటికి తీసుకుపోతే మాత్రం తల నేల మీంచి లేపదు. చికెన్ సెంటర్ల ముందు బొక్కలు, మూడుబాటల కాడ దిష్టి తీసి పడేసిన అన్నం, ఏది దొరికితే అది మింగుతది. తాడు గుంజితే ఇంకా జల్ది మింగుతది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ముందు ఆ గుంజడం ఆపండి. వీధిలో పెరిగిన కుక్కకు నోట పడ్డదే తనది. పక్క కుక్క వచ్చేలోపు మింగాలి. మీరు తాడు గుంజినా, నోట్లో వేలు పెట్టినా దాని కంటికి మీరూ ఆ పక్క కుక్కే. నేల మీది ముక్కను వదిలితే అంతకన్నా మంచిది మీ చేతిలోంచి వస్తుందని దానికి నమ్మకం కుదరాలి.

ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వేయకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకోండి. పూటకు ఐదు నిమిషాలు, 15-20 ముక్కలు చాలు. ఆ మేరకు గిన్నెలో తిండి తగ్గించండి.

మొదటి పాఠం ఇంట్లోనే. ఎడమ పిడికిట్లో రొట్టె ముక్క, కుడిచేతిలో చికెన్. పిడికిలి దాని ముక్కు ముందు పెట్టండి. నాకుతుంది, కాలితో గీరుతుంది. మీరు మాట్లాడకండి, చేయి కదపకండి. ముక్కు అర క్షణం వెనక్కి తీసిందా, వెంటనే "శభాష్" అని కుడిచేతి ముక్క పెట్టండి. ఎడమచేతిది ఎప్పటికీ ఇవ్వకూడదు. చాలామంది చివర్లో జాలిపడి అదీ పెట్టేస్తారు, పాఠమంతా అక్కడే చెడుతుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు తనంతట తాను వెనక్కి జరిగాకే "వదిలెయ్" అన్న మాట కలపండి, అదీ పిడికిలి చూపే ముందు. నాకుతున్నప్పుడు అంటే ఆ మాటకు నాకమనే అర్థం పడుతుంది. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. ఒకరు "వద్దు", ఒకరు "ఛీ", ఇంకొకరు "ఏయ్" అంటే దానికి అవి మూడు వేర్వేరు సంగతులు.

తర్వాత తెరిచిన అరచేయి, ఆ తర్వాత నేల. నేల మీద పెట్టిన ముక్క పక్కనే మీ చెప్పు ఉండాలి, ఎగబడితే కప్పేయడానికి. ఒక్కసారి ముక్క దక్కిందంటే ఇంకో పదిసార్లు ఆశపడుతుంది.

ఇక వాకిట్లో. ఆరడుగుల తాడు, మెడ బెల్టుకు బదులు ఛాతీకి వేసే హార్నెస్. పదడుగుల దూరంలో రొట్టె ముక్క పెట్టి, పక్కనుంచి నడిపించండి. చెవులు ముందుకు నిక్కుతాయి, నోరు మూసుకుంటుంది, ఒళ్ళు బిగుస్తుంది. అక్కడే ఆగి నిలబడండి. ఎప్పుడో ఓ క్షణం కన్ను మీ వైపు తిరుగుతుంది. మీరు ఎదురుచూడాల్సింది ఆ చూపు కోసమే. సెకనులోపే చికెన్ అందాలి. తర్వాత ఆరడుగులు, మూడడుగులు. ఎగబడితే దూరం చాలలేదన్నమాట, వెనక్కి జరగండి.

ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ ముందుకు మాత్రం తీసుకుపోకండి, అది ఆఖరి పరీక్ష. ముందు పానగల్ ఉదయసముద్రం కట్ట లాంటి ఖాళీ జాగాలు, తర్వాత మీ కాలనీ, ఆ తర్వాత రోడ్డుకు అవతలి పక్క నుంచి దుకాణం. కొన్నింటికి నెల పడుతుంది, కొన్నింటికి మూడు నెలలు. ఉడికిన కోడి బొక్కలు పుల్లల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి కాబట్టి ఈ ఓపిక తప్పదు. వాసన చూడటం మాత్రం మాన్పించకండి, చెట్టు మొదలో, గోడ పక్కనో తృప్తిగా చూడనివ్వండి. ఖాళీ కడుపుతోనూ తీసుకుపోవద్దు. నులిపురుగుల మందు వేయించారా? పురుగులున్న కుక్కకు ఎంత పెట్టినా ఆకలే.

ప్రశ్న: బొక్క నోట కరిచాక దగ్గరికి పోతే గుర్రుమంటుంది. కొట్టాలా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కొట్టొద్దు. గుర్రుమనడం ముందస్తు హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే రేపు చప్పుడు లేకుండా కరుస్తుంది. ఇంట్లో బొమ్మతో "ఇయ్యి" నేర్పండి: ముక్కు దగ్గర చికెన్ పెట్టండి, నోరు తెరవగానే తినిపించండి, బొమ్మ మళ్ళీ దానికే ఇచ్చేయండి. ఇస్తే పోదని తెలిసిన కుక్క దాచుకోదు. పన్ను దిగితే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పోండి.

ప్రశ్న: పొలం కాడికి వెంట వస్తది. ఎలుకల మందు తింటదేమోనని భయం.
- ఒక రైతు, జడ్చర్ల

జవాబు: మందు పెట్టిన రోజుల్లో తీసుకుపోకండి. తప్పదంటే ఎద్దుల మూతికి చిక్కం కట్టినట్టు దీనికీ బుట్ట మజిల్ వేయండి. నోరు తెరిచి రొప్పడానికీ, నీళ్ళు తాగడానికీ వీలుండాలి. గుడ్డతో బిగించి కడితే మన ఎండలకు వడదెబ్బ తగులుతుంది. ముందు వారం రోజులు లోపల చికెన్ ముక్క పెట్టి, మూతి తనే దూర్చేలా అలవాటు చేయండి.

గట్ల మీద నూకలు, నూనెతో కలిపి పెట్టేది ఎక్కువగా జింక్ ఫాస్ఫైడ్. అది తిన్నదని అనుమానమొస్తే పాలు తాపకండి, అన్నం పెట్టకండి. తిండి పడితే కడుపులో ఆమ్లం ఊరి విషవాయువు ఇంకా పుడుతుంది. ఉప్పునీళ్ళతో కక్కించడమూ వద్దు. నేరుగా పశువుల దవాఖానకు తీసుకుపోండి. బండిలో కక్కితే ఆ గాలి మనకూ విషమే, అద్దాలు తెరిచి ఉంచండి. మందు డబ్బా వెంట పట్టుకుపోండి.