బండి ఎత్తు పెంచారు సరే, షాక్స్ సంగతేంటి?

ప్రశ్న: సార్ నమస్తే అండి. నాది 2012 జిప్సీ. ఆర్నెల్ల కిందట కమాన్ కట్టల్లో (ఇనప పట్టాల స్ప్రింగుల్లో) ఒక్కో పట్టా ఎక్కువేయించి, కమాన్‌ని ఛాసిస్‌కి పట్టే షాకిల్స్ పొడుగువి మార్పించి మొత్తం 2 ఇంచులు లేపించాను, 235/75 ఆర్15 మడ్ టైర్లు కూడా వేశాను. షాక్స్ (షాక్ అబ్జార్బర్లు) మాత్రం పాతవే ఉంచేశాం. మారేడుమిల్లి మీంచి గుడిసె కొండ ఎక్కి దిగుతుంటే గోతి వచ్చినప్పుడల్లా వెనకాల ఠంగుమని మోత వచ్చేది, మొన్నటి ట్రిప్పులో వెనక కుడి షాక్ కింది కన్ను (బోల్టు దూరే రింగు) ఊడిపోయి వేలాడింది, ఎడమది ఆయిల్ కక్కేసింది. హైవే మీద స్పీడ్ బ్రేకర్ దిగాక మూడు నాలుగు ఊపులు ఊగుతుందండి. షాపాయనేమో గ్యాస్ షాక్స్ వేసేయ్, ఇంకో ఇంచు లేస్తుంది అంటున్నాడు, మా ఫ్రెండేమో దొరికినవాటిలో బాగా పొడుగువి తెప్పించుకో అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఇద్దరి మాటా వద్దండి, ముందు టేపు తియ్యండి.

మీ మోత ఎక్కడిదో చెప్తా. కంపెనీ షాక్ బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు కొంత తెరుచుకుని కొంత మూసుకుని మధ్యలో ఎక్కడో ఉంటుంది. మీరు బాడీని 2 ఇంచులు పైకి లేపేసరికి ఆ షాక్ నిలబడినచోటే 2 ఇంచులు సాగిపోయి కూర్చుంది, ఇక చక్రం గోతిలోకి దిగితే కమాన్ ఇంకా కిందికి వెళ్దామంటుంది, షాక్ రాడ్ మాత్రం చివరికొచ్చేసి ఆగిపోతుంది. అప్పుడు యాక్సిల్, డ్రమ్ము, ఆ బరువు మడ్ టైరు అన్నీ కలిసి వచ్చి ఆ చిన్న కంటి మీద వేలాడతాయి. గొళ్ళేనికి గేదెని కట్టేసినట్టన్నమాట. కన్ను ఊడటంలో వింతేం లేదు, ఆరు నెలలు ఆగిందంటేనే గట్టిదని.

మరి ఫ్రెండ్ చెప్పినట్టు బాగా పొడుగుది వేస్తే? అది ఇంకా ప్రమాదం. షాక్‌కి రెండు పొడుగులు ఉంటాయి, పూర్తిగా లాగితే ఎంత, పూర్తిగా నొక్కితే ఎంత. అందరూ మొదటిది చూసి కొనేస్తారు, రెండోది అడిగేవాడే కనపడడు. లాగినప్పుడు పొడుగుగా ఉండే షాక్ నొక్కినప్పుడు కూడా పొడుగే ఉంటుంది, ఎందుకంటే రాడ్ మొత్తం ఆ గొట్టంలోకే దూరాలి కదా. చక్రం గట్టిగా పైకి తన్నినప్పుడు యాక్సిల్ ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు తగలకముందే షాక్ అడుగంటితే రాడ్ వంగుతుంది, లేదా ఛాసిస్ మీద వెల్డింగ్ చేసిన బ్రాకెట్టే చీరుకుపోతుంది. కన్ను ఊడితే షాక్ మారిస్తే పోయింది, బ్రాకెట్ ఊడితే ఛాసిస్ పని.

ఇప్పుడు కొలత. బండిని చదును నేల మీద నిలిపి పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా కొలవండి, 17 ఇంచులు వచ్చిందనుకుందాం. పాత షాక్స్ విప్పేసి, ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రాలు గాల్లో వేలాడేదాకా లేపి మళ్ళీ అవే బోల్టుల మధ్య కొలవండి, 20.5 వచ్చింది అనుకోండి. స్టాండులు పెట్టకుండా బండి కిందికి దూరొద్దు, బ్రేక్ పైపు లాక్కుపోతుందేమో కూడా అప్పుడే చూసేయండి, లిఫ్ట్ చేసిన బళ్ళలో చాలామంది మర్చిపోయేది అదే. తర్వాత బండి దించి బంప్ స్టాప్‌కీ యాక్సిల్ మీద అది తగిలే చోటుకీ సందు ఎంతుందో చూడండి. 4.5 ఉంటే 17లోంచి తీసేస్తే 12.5, రబ్బరు నలిగేది ముప్పావు ఇంచు వేసుకుంటే 11.75. షాక్ ఏటవాలుగా బిగించి ఉంటే యాక్సిల్ ఒక ఇంచు కదిలినా షాక్ అంత కదలదు కాబట్టి ఈ లెక్క కాస్త సేఫ్ సైడే ఉంటుంది.

అంటే 20.5కి అర ఇంచు జాగా కలిపి మీకు లాగితే 21, నొక్కితే 11.75 కంటే తక్కువ ఉండే షాక్ కావాలి. అలాంటిది ఎక్కడా దొరకదు! 21కి తెరుచుకునే షాక్ మూసుకుంటే సుమారు 13 దగ్గర ఆగుతుంది. ఆ తేడా ఇంచుంపావు, పైన అర ఇంచు జాగా వదిలితే పావు తక్కువ రెండించులు. బంప్ స్టాప్ కింద అంత మందం దిమ్మ వేసి కిందికి దించాలి, ఇదే అసలు పని. ఎలాగూ బండి 2 ఇంచులు లేచింది కాబట్టి చక్రం పైకి వెళ్ళే జాగా ఇంచుమించు ముందున్నంతే మిగులుతుంది, మీరు పోగొట్టుకునేదేం లేదు. నేను చెప్పిన అంకెలు లెక్క కోసమే, మీ బండి కొలత మీరే తియ్యాలి, ముందు వెనక విడివిడిగా. చివర్లో ఒక పక్క చక్రాన్ని బండరాయి మీదికి ఎక్కించి ఇంకో పక్క వేలాడుతుండగా కూడా చూడండి, అడ్డంగా మెలిపడ్డప్పుడు కొలతలు మారతాయి.

ఇక గ్యాస్ మాట. ఎత్తు ఇచ్చేది కమాను, షాక్ కాదు. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్ షాక్‌లో నైట్రోజన్ ప్రెషర్ సుమారు 300 పీఎస్ఐ ఉందనుకున్నా 14 ఎంఎం రాడ్ మీద అది తోసేది 30 కేజీల లెక్క, టన్ను బరువుండే బండి అంతమాత్రానికి ఇంచు లేవదు. గ్యాస్ ఎందుకంటే, షాక్ లోపల పిస్టన్ గబగబా తిరిగితే ఆయిల్ నురగ కడుతుంది, నురగలో పిస్టన్‌కి పట్టు ఉండదు, ఆ నురగ కట్టకుండా ఒత్తిడి పెట్టడానికి. మోనోట్యూబ్ వేడిని బాగా బయటికి వదుల్తుంది, స్పీడుగా మట్టిరోడ్ల మీద తోలేవాళ్ళకి బావుంటుంది, కానీ దాని గొట్టమే పిస్టన్ తిరిగే గోడ కాబట్టి రాయి తగిలి సొట్ట పడితే అక్కడికి సరి. ట్విన్ ట్యూబ్‌కి బయట ఇంకో గొట్టం ఉంటుంది, చిన్న సొట్టలు దాటేస్తుంది. గుడిసె లాంటి దారిలో ఫస్ట్ గేర్‌లో రాళ్ళ మీద పాకే జిప్సీకి నా ఓటు తక్కువ ప్రెషర్ గ్యాస్ ఉన్న ట్విన్ ట్యూబ్‌కే. బయట విడిగా ఆయిల్ డబ్బా ఉండే రిమోట్ రిజర్వాయర్లూ అవీ మీకక్కర్లేదు, ఫొటోలకి బావుంటాయి అంతే.

గట్టి షాక్ మంచి షాక్ అనే భ్రమ కూడా ఉంది మనవాళ్ళకి. మీరు పట్టా ఎక్కువేశారు, స్ప్రింగ్ గట్టిపడింది, అది తిరిగి తన్నే ఊపుని ఆపాలి కాబట్టి రీబౌండ్ వాల్వింగ్ (షాక్ తెరుచుకునేటప్పుడు పట్టి ఆపే బిగువు) కాస్త ఎక్కువ ఉండాలి, నిజమే. కానీ కమాన్ పట్టాలు ఒకదాని మీద ఒకటి రాసుకునే రాపిడి కూడా సగం షాక్ పని చేస్తుంటుంది, దానిమీద మళ్ళీ బండగా ఉండే షాక్ వేస్తే వరస గతుకుల్లో చక్రం కిందికి దిగే టైమే ఉండదు, బండి అలా అలా కుంగిపోయి చివరికి రబ్బర్ల మీద కూర్చుని నడుస్తుంది. ఓల్డ్ మ్యాన్ ఈము అయినా బిల్‌స్టీన్ అయినా ఇంకోటైనా అమ్మేవాణ్ణి రెండు పొడుగులూ, ఏ బరువుకి వాల్వింగ్ చేశారో, చివర్లు కన్ను రకమా పిన్ను రకమా అని అడగండి. తెల్లమొహం వేస్తే వేరే షాపుకి వెళ్ళండి.

బిగించేటప్పుడు రెండు మాటలు. ట్విన్ ట్యూబ్ అయితే నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కి లోపలి గాలి సర్దాకే బిగించాలి. బుష్ (కంట్లో ఉండే రబ్బరు) బోల్టులు చక్రాలు నేల మీద ఉండగానే ఫైనల్ టైట్ చేయించండి, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి నాలుగు నెల్లకే చిరుగుతుంది.

ప్రశ్న: అన్నా నమస్తే. నాది 2022 తార్. ముంగట స్ట్రట్ల (స్ప్రింగూ షాకూ కలిసున్నవి) మీద, ఎనక స్ప్రింగుల మీద స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) ఏపిచ్చి లేపిన. ఇప్పుడు చిన్న గడ్డ దిగినా ముంగట టక్కుమంటాంది. లాంగ్ ట్రావెల్ షాక్స్ ఏస్తే పోతదా?
– కరీంనగర్ నుంచి

జవాబు: పోదు తమ్ముడూ, ఇంకో చోట ఊడుతుంది. నీ బండి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రానికి పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు. జిప్సీకి లాగా ఒకే యాక్సిల్ కాదు, చక్రం కిందికి దిగేకొద్దీ పైఆర్మ్ బాల్ జాయింటూ, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ సీవీ జాయింటూ కూడా వంగుతాయి. చక్రం మరీ కిందికి దిగకుండా ఆపేది ఆ స్ట్రటే, దాని పొడుగు పెంచితే ఆ దెబ్బ బాల్ జాయింట్ తింటుంది, సీవీ బూట్ (ఆ జాయింటు మీది రబ్బరు తొడుగు) చినుగుతుంది. పైగా ఇక్కడ స్పేసర్ ఒక ఇంచు వేస్తే చక్రం దగ్గర ఇంచు కంటే ఎక్కువే లేస్తుంది, అది నీకు చెప్పకుండా వేసుంటారు. స్పేసర్ పలచది చేయించు, లేకపోతే స్పేసర్ తీసేసి ఆ ఎత్తుకే తయారైన స్ప్రింగూ షాకూ కలిపిన సెట్ వేయించు. వారంటీ సంగతి షోరూంలో ముందే కనుక్కో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇదే దొరుకుతుంది, ఆలోచించుకో.

ప్రశ్న: షాక్ గొట్టం మీద నూనె జిడ్డు కనిపిస్తోంది సార్, మార్చేయాలా?
– విజయనగరం

జవాబు: సీల్ దగ్గర పలచగా చెమ్మలా ఉండి దుమ్ము అంటుకుంటే కంగారు వద్దు, రాడ్ తడవడం మామూలే. కిందిదాకా కారి బొట్టు పడుతుంటే మాత్రం మార్చాలి, మారిస్తే ఆ పక్కా ఈ పక్కా జతగా. అనుమానంగా ఉంటే పది కిలోమీటర్లు గతుకుల రోడ్డు మీద తోలి దిగి నాలుగు షాక్స్‌నీ జాగ్రత్తగా చేత్తో తాకి చూడండి, సైలెన్సర్ పక్కనున్నది మాత్రం లెక్కలోకి తీసుకోకండి. మిగతావి వెచ్చగా ఉండి ఏది చల్లగా ఉందో అది పని చెయ్యట్లేదు.