నాటాల్ వెళ్ళిన ముత్తాత ఊరు: పేరుతో కాదు, నంబరుతో వెతకండి

మీ ముత్తాత దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటల్లో పనికి వెళ్ళారని, ఓడ జాబితాల్లో ఆయన పేరు ఎంత వెతికినా దొరకడం లేదని రాశారు. ఈ బాధ నాకు బాగా తెలుసండీ.

1860 నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా అలా వెళ్ళారు, ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచే. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు. అప్పలస్వామి అన్న ఒక్క పేరే నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. చాలాచోట్ల ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరు మాత్రం ఉంటుంది.

అందుకే ముందు నంబరు పట్టుకోండి. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. డర్బన్‌లో ఉన్న మీ బంధువుల ఇళ్ళల్లో పాత జనన, వివాహ, మరణ పత్రాలుంటే ఒకసారి చూడమనండి, చాలావాటి మీద అది రాసి ఉంటుంది. నంబరు దొరికితే ఓడ జాబితాలో దాని ఎదురుగా ఓడ పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా ఒకే వరుసలో వచ్చేస్తాయి. ఒంటి మీది గుర్తులు కూడా రాశారు. మా వాళ్ళ వరుసలో "ఎడమ కాలి మీద మచ్చ" అని చదివినప్పుడు కాసేపు నోట మాట రాలేదు.

ఇంకొకటి, జిల్లా గంజాం అని ఉంటే, అది ఇప్పుడు ఒడిశాలో ఉంది కాబట్టి మనది కాదని వదిలేయకండి. అప్పట్లో శ్రీకాకుళం ఆ జిల్లాలోనే ఉండేది. ఊరి పేరు అర్థం కాకపోతే ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.