‘పుట్టకమునుపే ఉన్నాను’: ఇది ఏ కాలం?

ప్రశ్న: మా ఇంట్లో ఒక తగవు ఎంతకీ తెగడం లేదు. యోహాను సువార్త 8:58లో యేసు ప్రభువు ‘అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను’ అంటారు. ‘పుట్టకమునుపే’ అన్నాక ‘ఉంటిని’ అనో ‘ఉండేవాణ్ణి’ అనో రావాలి గదా, ‘ఉన్నాను’ తప్పు తెలుగు అని మా బావగారి వాదన. ఆయన లెక్కలో యేసు మరియకు పుట్టకముందు దేవుడి సంకల్పంలో తప్ప ఎక్కడా లేడు. మా అన్నయ్యేమో, క్రీస్తు నిత్యుడని చూపడానికే అక్కడ వర్తమానం వాడారంటాడు. వ్యాకరణం ఎవరి పక్షం? ఇంకొకటి, దీన్ని ‘యేసు పూర్వజన్మ’ అనవచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: రెండోది ముందు తేల్చేద్దాం. అనకూడదు. పూర్వజన్మ అనగానే ఇదివరకు ఎత్తిన మరో పుట్టుక, ఆ జన్మలో చేసుకున్న కర్మ, దాని ఫలం వరసగా గుర్తొస్తాయి. క్రైస్తవుల్లో ఈ విషయం మీద ఎన్ని పక్షాలున్నా, యేసు అంతకుముందు ఒకసారి పుట్టి పోయాడని ఏ పక్షమూ అనదు. రాతలో అయితే ‘పూర్వ అస్తిత్వం’ అనండి. మాటల్లో ‘పుట్టకముందే ఉండటం’ చాలు.

ఇక ‘ఉన్నాను’. తిన్నాను, విన్నాను, కన్నాను అన్నవి ఏ కాలం? భూతకాలం. ఉన్నాను కూడా రూపాన్ని బట్టి వాటి జట్టే. కానీ ఉండటం, కూర్చోవడం, పడుకోవడం వంటి స్థితిని చెప్పే క్రియల్లో ఈ రూపమే వర్తమానానికీ సరిపోతుంది. ‘ఏం చేస్తున్నావు?’ అంటే ‘పడుకున్నాను’ అంటాం. ‘నిన్న తొమ్మిదింటికే పడుకున్నాను’ అనీ అంటాం. అలాగే ‘ఇంట్లోనే ఉన్నాను’, ‘నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను’. కాలాన్ని నిర్ణయించేది పక్కనున్న ‘నిన్న’, ‘ఇప్పుడు’, ‘ముందు’ వంటి మాటలే. కాబట్టి ‘పుట్టకమునుపే నేను ఉన్నాను’ నేటి తెలుగులో నిక్షేపంలాంటి వాక్యం. తప్పు తెలుగు అనడానికి లేదు.

అయితే బావగారి చెవికి ఏదో తగిలింది చూశారా, అది ఉత్తినే తగల్లేదు. మీరు ఉదహరించిన తెలుగు బైబిలు అనువాదం గ్రాంథికంలో ఉంది. గ్రాంథికంలో గడిచిపోయినదానికి ‘ఉంటిని’ అనే రూపం విడిగా ఉంది. (రాయలసీమలో ‘పోతిని, వస్తిని’ ఇప్పటికీ వినిపిస్తాయి, అదే కోవ.) అదే బైబిల్లో సామెతలు 8వ అధ్యాయం తీయండి. సృష్టి జరుగుతున్నప్పటి సంగతి జ్ఞానము తన నోటితో చెప్పుకుంటుంది: ‘ఆయన ఆకాశవిశాలమును స్థిరపరచినప్పుడు... నేనక్కడ నుంటిని’. హీబ్రూ మూలంలో అక్కడ క్రియే లేదు, ‘అక్కడ నేను’ అని ఉంటుందంతే. ‘ఉంటిని’ని తెలుగువాళ్లు చేర్చుకున్నారు. అంటే ఈ బైబిలు తెలుగుకు ‘ఉంటిని’ తెలియక కాదు. యోహాను 8:58 దగ్గర కావాలనే దాన్ని వదిలి ‘ఉన్నాను’ను పట్టుకుంది.

ఎందుకంటే గ్రీకులో ఆ వాక్యం నిజంగానే ఎగుడుదిగుడుగా ఉంటుంది. అబ్రాహాముకు ‘గెనెస్థాయ్’, అంటే పుట్టడం, కలగడం. యేసుకు ‘ఎగో ఎయిమి’, శుద్ధ వర్తమానం. గ్రీకు ఎయిమి మన ఉన్నాను లాగా రెండు కాలాలకూ పనికొచ్చేది కాదు, గతానికి దానికి వేరే రూపం ఉంది. ముందు అంటూనే వర్తమానం వేయడం అక్కడ వినేవాళ్లను ఆపుతుంది. ‘ఉంటిని’ ఇంకా వాడుకలో ఉన్న చెవికి తెలుగు ‘ఉన్నాను’ కూడా అలాగే కొంచెం ఆపి ఉండాలి. ఇవాళ మనం ‘ఉంటిని’ని వదిలేశాం, దాని బరువు కూడా ‘ఉన్నాను’ మీదే పడింది. అందుకే ఆ వచనం ఇప్పుడు నున్నగా చదువుకుపోతుంది. మీ అన్నయ్య చెప్పే వర్తమానం గ్రీకులో ఉంది, పాత తెలుగులో కొంత ఉంది, నేటి తెలుగు చెవికి మాత్రం దాదాపు లేదు.

వర్తమానమని తేలినంత మాత్రాన నిత్యత్వం తేలిపోదు. గ్రీకులో మొదలైనప్పటి నుంచి ఇంకా సాగుతున్న పనికీ వర్తమానమే వాడతారు. ఆ లెక్కన ‘అబ్రాహాముకు ముందునుంచీ ఉంటూనే ఉన్నాను’ అని అర్థం చెప్పుకునేవాళ్లున్నారు. ఎప్పటినుంచి అన్నది ఆ వాక్యం చెప్పదు. ఇక్కడే అలెగ్జాండ్రియా పాదిరి ఏరియస్‌ను తలుచుకోవాలి. ఆయన యేసు పుట్టకముందు లేడని అన్నాడని చాలామంది పొరబడతారు. ఆయన అన్నది అది కాదు. లోకాలకంటే ముందే ఉన్నాడు, కానీ ఆయనకూ ఒక మొదలు ఉంది, ఆయన లేకపోవడం అనేది ఒకప్పుడు ఉంది అన్నాడు. ఇందాకటి సామెతలు 8లోనే ‘యెహోవా నన్ను కలుగజేసెను’ అన్న 22వ వచనం, ఆ జ్ఞానమే క్రీస్తు అని చదివితే, ఆయన పక్షానికి పెద్ద ఆధారం. 325లో క్రైస్తవ మతపెద్దలు కూడిన నైసియా సభ దాన్ని తోసిపుచ్చి, కుమారుడు జనించినవాడే గాని చేయబడినవాడు కాడని తీర్మానించింది. యెహోవాసాక్షులు ఇవాళ చెప్పేది ఏరియస్ మాటకు దగ్గరగా ఉంటుంది.

మీ బావగారిది ఇంకో దారి. 16వ శతాబ్దంలో ఇటలీలో పుట్టి పోలండులో స్థిరపడిన ఫౌస్తో సోజినీ, ఆయన అనుచరులు ఈ దారిన నడిచారు. 1605లో రాకోవ్‌లో అచ్చయిన వాళ్ల ప్రశ్నోత్తరాల పుస్తకం దీనికి ప్రసిద్ధం. ఇప్పుడు క్రిస్టడెల్ఫియన్లు అనే క్రైస్తవ వర్గం వాళ్లు ఇదే అంటారు. వాళ్లకు 8:58 చిక్కే. సోజినీ చెప్పిన అర్థం ఇలా ఉంటుంది: అబ్రాము ‘అబ్రాహాము’ కాకముందే, అంటే అనేక జనాలకు తండ్రి కాకముందే, నేను లోకానికి వెలుగును. ‘ఎగో ఎయిమి’ అంటే ‘నేనే ఆయనను’ అని కూడా అర్థం వస్తుంది కాబట్టి ఇది పూర్తిగా గాలిలోంచి తీసింది కాదు. అదే అధ్యాయం 24వ వచనంలో ఆ రెండు గ్రీకు మాటలకే తెలుగువాళ్లు ‘నేను ఆయనను’ అని రాశారు. 9:9లో చూపు వచ్చిన గుడ్డివాడు అదే మాట అంటే ‘నేనే’ అని తేల్చేశారు. ‘నేను కాపరిని’ అనడానికి తెలుగులో క్రియ అక్కర్లేదు, ఉనికి చెప్పాలంటేనే ‘ఉండు’ కావాలి. గ్రీకులో రెండింటికీ ఒకటే క్రియ. అందుకని తెలుగు చేసేవాడు ప్రతిచోటా ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. 8:58లో ‘ఉన్నాను’ అని తేల్చడం నా దృష్టిలో సరైనదే. ‘నీకింకను ఏబది సంవత్సరములైన లేవే’ అని అంతకుముందే వయసు ప్రశ్న వచ్చింది. దానికి జవాబు ఉనికి గురించే ఉండాలి. సోజినీ అర్థం ఆ సంభాషణలో ఇమడదు. విన్నవాళ్లు రాళ్లు ఎత్తారు కూడా.

ఇలాంటిదే మొదటి అధ్యాయంలోనూ ఒకటుంది, అది ఇంకా ఆసక్తికరం. ‘ఆదియందు వాక్యముండెను’. యేసు గురించిన మాటే ఇది. గ్రాంథికంలో ‘ఉండెను’ రాముడికీ సరిపోతుంది, రాయికీ సరిపోతుంది. వాక్యం ‘ఉన్నాడా’, ‘ఉందా’ అని అది చెప్పదు. రెండో వచనంలో ‘ఆయన’ అనేసరికి గాని వ్యక్తి అని తెలియదు. వాక్యానికి గ్రీకులో ఉన్న లోగోస్ అనే మాట వ్యాకరణరీత్యా పుంలింగం, సర్వనామం దాన్నే అనుసరించింది. దాన్నిబట్టి వ్యక్తి అనాలో వద్దో తేలదు. బైబిలును ఆంగ్లం చేసిన టిండేల్ 16వ శతాబ్దంలో మూడో వచనాన్ని ‘సమస్తం దాని మూలంగా కలిగింది’ అనే అర్థంలో రాశాడు, 1560 నాటి జెనీవా బైబిలూ అంతే. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో అది ‘ఆయన’ అయింది. టిండేల్ మీ బావగారి పక్షం వాడు మాత్రం కాదు సుమా! నేటి తెలుగులో రాసేవాళ్లకు ‘ఉండెను’ చాటున దాక్కునే వీలు లేదు. మొదటి వాక్యంలోనే ‘ఉంది’ అనో ‘ఉన్నాడు’ అనో బయటపడాలి.

ఒక నష్టం కూడా చెప్పాలి. గ్రీకులో వాక్యానికి ‘ఉండటం’, ఆరో వచనంలో బాప్తిస్మమిచ్చు యోహానుకు ‘కలగడం’ అని రెండు వేరు క్రియలు. తెలుగులో ‘మనుష్యుడు ఉండెను’ అని యోహానుకూ అదే క్రియ వేశారు. మూడో వచనంలో సృష్టికి ‘కలిగెను’ అని చక్కగా వేసినవాళ్లు ఇక్కడ ఎందుకో జారవిడిచారు. మీ అన్నయ్యకు బాగా పనికొచ్చే తేడా అది, తెలుగులో దొరకదు.

బావగారికి తెలుగులో గట్టి ఆధారం కావాలంటే 1 పేతురు 1:20 ఉంది: ‘జగత్తు పునాది వేయబడకమునుపే నియమింపబడెను’. అక్కడ క్రియ ‘ఉండు’ కాదు, ‘నియమింపబడు’. దాని పక్కనే అన్నయ్య యోహాను 17:5 తెరుస్తాడు: ‘లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఏ మహిమ యుండెనో’. మహిమ ఉండటానికి మనిషి ఉండాలా, మాట ఇచ్చి ఉంటే చాలా అన్నది వ్యాకరణం తేల్చేది కాదు, మీరూ మీరూ కూర్చుని తేల్చుకోవలసిందే.