ఘనాలో జీడిపప్పు ఫ్యాక్టరీ పెడతానంటున్న మా తమ్ముడి కొడుక్కి

ఒరే అబ్బయ్యా,

దుబాయ్‌లో ఉద్యోగం మానేసి ఘనాలో జీడిపప్పు ఫ్యాక్టరీ పెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గొంతులో గర్వం ఎంతుందో భయమూ అంతే ఉంది. నాకూ అంతేరా. మన ఇంట్లో వేటపాలెం దాటి వ్యాపారం చేసినవాడు లేడు. (ఇప్పుడది బాపట్ల జిల్లా అంటున్నారు గానీ, నా నోటికి ఇంకా ప్రకాశమే.) నువ్వు వెళ్తానంటే వద్దనే మనిషిని కాను. కానీ టంగుటూరు పొలం కాగితాలు బ్యాంకులో పెడదామన్నావట కదా, ఆ మాట విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ ప్రాజెక్టు రిపోర్టు మీ నాన్న పంపితే మొత్తం చదివాను. మొదటి పేజీ అంతా రాయితీలే. ఫ్రీ జోన్‌లో, అంటే ఎగుమతి ఫ్యాక్టరీలకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే రాయితీల పథకంలో పెడితే, పదేళ్లు ఆదాయపన్ను లేదు, ఆ తర్వాత కూడా ఎగుమతి లాభం మీద 15 శాతం దాటదు. యంత్రాలకు, ముడిసరుకుకు దిగుమతి సుంకం లేదు. వాటా అంతా మనదే ఉండొచ్చు, సరుకులో కనీసం 70 శాతం ఎగుమతి చేస్తే చాలు. ఇవన్నీ నిజమే, నేనూ కనుక్కున్నాను. కానీ వడ్డీ సంగతి మాత్రం రిపోర్టులో ఎక్కడో వెనకాల, రెండే రెండు లైన్లలో ఉంది.

జీడిగింజ ఏడాదంతా రాదురా. అక్కడ కూడా ఫిబ్రవరి నుంచి జూన్ దాకానే. ఏడాది పొడుగునా ఫ్యాక్టరీ నడవాలంటే ఆ కొద్ది నెలల్లోనే గింజంతా కొని గోడౌన్‌లో పోసుకోవాలి. టన్ను 1,200 డాలర్లనుకో. వెయ్యి టన్నులకు 12 లక్షల డాలర్లు. ఏడాదిలో మెల్లగా కరుగుతుంది కాబట్టి సగటున సగం, అంటే 6 లక్షల డాలర్ల సరుకు ఎప్పుడూ గోడౌన్‌లోనే ఉంటుంది. 12 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 72 వేల డాలర్లు. ఇక నీ పన్ను మినహాయింపు సంగతి చూడు. అక్కడ మామూలు కంపెనీ పన్ను 25 శాతం. లక్ష డాలర్ల లాభం వస్తే ఆ మినహాయింపు వల్ల నీకు మిగిలేది పాతిక వేలు. లాభం రాకపోతే మిగిలేది సున్నా. మొదటి రెండు మూడేళ్లలో లాభం కళ్లచూసిన జీడిపప్పు ఫ్యాక్టరీ ఏదైనా ఉంటే పేరు చెప్పు, వింటాను.

మీ మామయ్య సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నువ్వప్పటికి పుట్టలేదు. తొంభైల్లో ఆయన వేటపాలెంలో అద్దె షెడ్డులో ఫ్యాక్టరీ నడిపేవాడు. చిన్నదే, కానీ ఎవరికీ బాకీ ఉండేది కాదు. సొంత షెడ్డు కట్టి కొత్త బాయిలర్ పెడితే పెట్టిన దాంట్లో కొంత ప్రభుత్వం రాయితీగా తిరిగి ఇస్తుందని ఎవరో చెప్పారు. ఆఫీసుల చుట్టూ తిరిగి మంజూరు కాగితం తెచ్చుకున్నాడు. ఆ రోజు ఇంట్లో పండగే. సాయంత్రం లెక్కల పుస్తకం తీసి, ఆ రాయితీ మొత్తాన్ని పెట్టుబడి వైపు రాసేశాడు. ఇంకా చేతికి రాని డబ్బు! నేను పక్కనే ఉన్నాను. ఇదేంటండీ అంటే, గవర్నమెంటు సంతకం ఉంది కదే అన్నాడు.

ఆ ధైర్యంతో షెడ్డు అనుకున్న దానికంటే పెద్దది కట్టాడు. గింజ ఎండబెట్టే కళ్లానికి సిమెంటు చేయించాడు. చాలనిదానికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చాడు, రాయితీ రాగానే తీర్చేద్దామని. ఈలోగా సీజన్ వచ్చేసింది. షెడ్డు కొత్తది, బాయిలర్ కొత్తది, గింజ కొనడానికి మాత్రం డబ్బు లేదు. తెచ్చిన గింజ నెల రోజులకే అయిపోయింది. కొట్టుడుకి వచ్చే ఆడవాళ్లు కొన్నాళ్లు ఎదురుచూశారు. వాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజే కదా, పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. చేతులకు ఆముదం, బూడిద రాసుకుని జీడి రసం అంటకుండా గింజ కొట్టి, పప్పు విరగకుండా గుండుగా తీసే వాళ్లు ఒకసారి పోతే మళ్లీ దొరకరు. తర్వాతి ఏడాది కొత్తవాళ్లతో చేయిస్తే సగానికి సగం బద్దలే వచ్చాయి. బద్దకీ గుండుకీ ధరలో తేడా నీకు చెప్పక్కర్లేదు.

రాయితీ రాకుండా పోలేదు, వచ్చింది. కొన్నేళ్లు ఆలస్యంగా వచ్చి, మా చేతికి రాకుండా నేరుగా బ్యాంకు అప్పు ఖాతాలో జమైపోయింది. ఆ సంగతి స్టేట్‌మెంట్ చూస్తే గానీ మాకు తెలియలేదు. అప్పటికి బయటి అప్పుకు వడ్డీ అసలును దాటేసింది. మీ తాత నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన మెట్ట పొలం అమ్మి ఆ అప్పు తీర్చాం. మీ మామయ్యని నేను ఒక్క మాట కూడా అనలేదని చుట్టాలంతా మెచ్చుకుంటారు. అదంతా అబద్ధం. చాలా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే కొన్ని మాటలు అనకుండా ఉండాల్సిందనిపిస్తుంది.

ఆ పొలం పక్క చెక్కేరా, ఇప్పుడు నువ్వు తాకట్టు పెడదామంటున్నది.

సరే, ఏడుపు చాలు. అక్కడి డబ్బు, అదే సీడీ, సంగతికొస్తాను. 2022 మొదట్లో డాలర్‌కు 6 సీడీలు ఉండేది, నవంబర్‌కల్లా 14 దాటింది. డిసెంబర్‌లో ఆ ప్రభుత్వమే విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. అప్పుడు వాళ్ల రిజర్వు బ్యాంకు వడ్డీయే 27 శాతం ఉండేది, అలాంటప్పుడు అక్కడి బ్యాంకు మామూలువాళ్లకు ఎంతకిచ్చి ఉంటుంది? 2025లో అదే సీడీ ఎదురు తిరిగి, కొద్ది నెలల్లోనే 15 దగ్గర నుంచి 10 దగ్గరకొచ్చింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నీకొచ్చేవి డాలర్లు, కూలికీ డీజిల్‌కీ రైతుకీ ఇచ్చేవి సీడీలు. అదే డాలర్‌కు తక్కువ సీడీలొస్తే నీ ఖర్చు పెరిగినట్టే. నీ లెక్కలో రేటు ఒక్కటే వేశావు. మూడు రేట్లకు మూడు లెక్కలు వెయ్యి. 2012 నుంచి 2015 దాకా అక్కడ కరెంటు కోతలు ఎలా ఉండేవో పాతవాళ్లను అడిగి, జనరేటర్ ఖర్చు కూడా రాయి.

భూమి విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. పరదేశీయులకు అక్కడ భూమి సొంతం కాదు, లీజే, అదీ 50 ఏళ్లకు మించి ఇవ్వరు. భూమి చాలా చోట్ల ఊరి పెద్దల చేతుల్లో ఉంటుంది, ఒకే చెక్కను ఇద్దరికి ఇచ్చిన గొడవలు బోలెడు. సున్యాని పట్నం వైపు తక్కువలో వస్తోందని తొందరపడకు. మంచి వకీలుకు ఫీజు ఇవ్వడానికి వెనకాడకు. 2013 నాటి పెట్టుబడి చట్టంలోని కనీస మొత్తాలు, అంటే అక్కడి భాగస్వామితో అయితే 2 లక్షల డాలర్లు, సొంతంగా అయితే 5 లక్షలు, వర్తకానికైతే 10 లక్షలు, వీటిలో నీకేవి వర్తిస్తాయో, ఆ తర్వాత ఏం మారిందో ఆ వకీలు చేతే రాయించుకో.

పప్పు మన దగ్గరికి తెచ్చి అమ్ముదామనే ఆశ ఉంటే మానుకో. ముడి గింజ మీద సుంకం 2018లో 2.5 శాతానికి తగ్గించారు. పప్పు మీద 2019 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచారు. అందుకే అక్కడి గింజ ఓడెక్కి ఇక్కడికి వస్తుంది గానీ పప్పు రాదు. పైగా ఆ గింజ కోసం మనవాళ్లూ వియత్నాం వాళ్లూ చవక అప్పు జేబులో పెట్టుకుని నీ ఫ్యాక్టరీ గుమ్మం ముందే కొంటుంటారు. నీ అసలు పోటీ అది. దానికి ఏ రాయితీ కాగితమూ అడ్డం రాదు.

ఇక నాకు తెలిసిన విద్య. కొనేముందు గింజ కోసి చూడటం ఎవరికీ అప్పగించకు. నువ్వే కుర్చీ వేసుకుని కూర్చో. కుప్పలో పైన, మధ్య, అడుగు నుంచి గింజ తీయించి కలిపి, కిలో తూచి, ఒక్కొక్కటీ నిలువుగా కోసి పళ్లెంలో వేరు చెయ్యి. మంచిది ఒక వైపు, మచ్చది ఒక వైపు, తొలిచినదీ తాలుదీ ఇంకో వైపు. 80 కిలోల బస్తాకు 48 పౌన్లు పప్పు దిగుతుందని చెప్పి 44 దిగే గింజ అంటగడితే, వెయ్యి టన్నుల మీద నీకు పోయేది దాదాపు 23 టన్నుల పప్పు. అది పదేళ్ల పన్ను మినహాయింపుకు సమానమో, కాదో నువ్వే చూసుకో. తేమ 10 శాతం దాటితే బేరమే వద్దు, గోడౌన్‌లో బూజు పడుతుంది. మధ్యలో ఫోన్ వచ్చినా ఎత్తకు. గింజ మార్చేది సరిగ్గా అప్పుడే.

దుబాయ్‌లో ఉన్నావు కాబట్టి డబ్బు అక్కడి నుంచే పంపుకో. మీ నాన్న పేరు మీద ఇక్కడి నుంచి పంపాలంటే రిజర్వు బ్యాంకు ఫారాలు ఉంటాయి, బ్యాంకు ద్వారానే, ముందే. పసుపు జ్వరం టీకా ప్రయాణానికి 10 రోజుల ముందే వేయించుకో, అది లేకుండా రానివ్వరు. దోమతెర తీసుకెళ్లు. నవ్వకు, మలేరియా నీ బ్యాలెన్స్ షీటు చూసి ఆగదు.

మొదటి సీజన్‌లో ఫ్యాక్టరీ కట్టొద్దు. వెళ్లి అక్కడే ఉండి, ఒక కంటైనర్ గింజ మాత్రం కొని, ఇక్కడికి పంపి చూడు. నష్టపోతే నీ జీతంలోంచి పోతుంది, తట్టుకుంటావు. నా దగ్గర కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దానికి కావాలంటే ఇస్తాను. వడ్డీ అడగను, కానీ రసీదులు అన్నీ అడుగుతాను. పొలం కాగితాలు మాత్రం నా దగ్గరికి పంపించెయ్యమని మీ నాన్నకు చెప్పాను, రేపు బస్సులో ఒంగోలు తెస్తానన్నాడు.

నెలవారీ లెక్క కొత్తగా వేసి పంపు. రాయితీలు ఉన్న గడులన్నీ ఖాళీగా వదిలేసి వెయ్యి. వాట్సాప్‌లో ఫొటో పెడితే నా కళ్లకు ఆనదు, ప్రింటు తీసి కొరియర్ చెయ్యి.

మీ అత్తయ్య