క్రిన్ ఆంటొనెస్కు రొమేనియా అధ్యక్షుడిగా పనిచేశారా?

చేశారు, కానీ ఎన్నికల్లో గెలిచి కాదు. 2012లో సుమారు ఏడు వారాలు తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్నారు.

1959లో తుల్చాలో పుట్టిన ఆంటొనెస్కు చరిత్ర చదివి, అదే బోధించారు. నేషనల్ లిబరల్ పార్టీ తరఫున 1996 చివరి నుంచి 2000 దాకా యువజన, క్రీడల మంత్రి. 2009లో పార్టీ పగ్గాలు చేపట్టారు. అదే ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో 20 శాతం ఓట్లతో మూడో స్థానంలో నిలిచారు.

ఆయన జీవితంలో అసలు ఘట్టం 2012 జులై. అధ్యక్షుడు త్రయాన్ బసెస్కును పార్లమెంటు సస్పెండ్ చేసింది. రాజ్యాంగం ప్రకారం సెనేట్ అధ్యక్షుడిగా ఉన్న ఆంటొనెస్కు ఆ కుర్చీలోకి వచ్చారు. బసెస్కును తొలగించాలా వద్దా అన్న జులై 29 రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ)లో ఓటేసినవారిలో 87 శాతం మంది ఆయన్ను దించేయాలన్నారు. అయితే పోలింగ్ 46 శాతమే. ఓటర్లలో సగం మందైనా రాలేదు కాబట్టి రాజ్యాంగ న్యాయస్థానం ఫలితం చెల్లదంది. పోలింగ్‌కు దూరంగా ఉండమన్న బసెస్కు పిలుపు ఫలించింది. ఆయన తిరిగి పదవిలోకి వచ్చారు. నా దృష్టిలో ఆంటొనెస్కుకు అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి లేదు.

2014 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల తర్వాత పార్టీ నాయకత్వం వదులుకున్నారు. 2025 అధ్యక్ష ఎన్నికల్లో పాలక కూటమి ఉమ్మడి అభ్యర్థిగా తిరిగొచ్చి, తొలి రౌండ్‌లో మళ్లీ మూడో స్థానమే. రెండో స్థానంలో ఉన్న నికుషోర్ దాన్‌తో తేడా ఒక్క శాతం కూడా లేదు.